చూడవచ్చినవాడును చూడనివారును

మొన్నటి సంక్రాంతి పండుగకు మా పెదపాడునకు నా పూర్వశిష్యుడొకడు వచ్చెను. యంత్రశాస్త్రము చదివి, యొక వ్యాపారసంస్థలో కుదిరి, ఆ సంస్థ పనిమీద చీనాదేశమున షియాన్ నగరమునకేగి, మూడు వారములు అచ్చట నుండి వచ్చినాడు. కనుమనాటి సాయంకాలము మా వీధియరుగుమీద కూర్చుండి, చుట్టును పదిమంది పిల్లలు మూగియుండగా, తన ఫోనులోని ఛాయాచిత్రముల నొక్కటొక్కటిగా చూపుచు, ఆ నగరమున పరదేశులు తప్పక చూచు వింతలను వర్ణింప మొదలిడెను. నగరము చుట్టును సుమారు పదునాలుగు కిలోమీటర్ల కోటగోడ. పదునాలుగవ శతాబ్దమున మింగు వంశమువారు కట్టించినది. దానిపై జనులు సైకిళ్ళు త్రొక్కుచు విహరింతురట. నడిబొడ్డున 1384లో లేచిన గంటగోపురము. ఊరి వెలుపల, 1974లో నూయి త్రవ్వుకొనుచున్న రైతుల గునపములకు తగిలి బయల్పడిన మట్టిసైనికులు. రెండువేల రెండువందల యేండ్లుగా తమ చక్రవర్తి సమాధికి కావలి కాయుచు భూమిలో నిలిచిన వేలకొలది బొమ్మలు. పిల్లలు నోళ్ళు తెఱచి చూచిరి. నేనును చూచితిని, అసత్యమేల?

కడపట ఏడంతస్తుల ఇటుకగోపుర మొకటి వచ్చెను. 'పెద్ద అడవిబాతు గోపుర'మని దాని పేరట. దాని ముందొక సన్న్యాసి విగ్రహము.

"ఈయన యెవరు?" అని యడిగితిని.

"ఎవరో పాతకాలపు సన్యాసి, మాస్టారూ. ఇండియా వెళ్ళి పుస్తకాలు తెచ్చాడని గైడు చెప్పాడు. మన దేశం పేరు వినబడింది గదా అని ఫొటో తీసుకున్నాను."

"ఆ సన్యాసి మీ అమ్మమ్మగారి ఊరి పొలిమేరలో తిరిగినవాడురా" అంటిని.

హాస్యమాడుచున్నాననుకొని నవ్వినాడు. వాని అమ్మమ్మగారి యూరు పెదవేగికి క్రోసెడు దూరము. చిన్ననాడు వేసవి సెలవులన్నియు అచ్చటనే గడపినవాడు. అట్టివాడు వేలకొలది మైళ్ళు విమానమున నెగిరి, టిక్కెట్టు కొని, తన యూరికి వచ్చిపోయిన యతిథి విగ్రహము ముందు నిలువబడి, 'ఎవరో సన్యాసి' యనుకొని తిరిగివచ్చెను.

తప్పు వానిదని వ్రాయుటకు నేనీ కలము పట్టలేదు. ఆఱవ తరగతి మొదలు పదవ తరగతి వఱకు వానికి పాఠము చెప్పినవాడను నేనే. వేంగి యను మాటను నేను వానికి చెప్పకపోలేదు. 'తూర్పు చాళుక్యుల రాజధాని యేది?' అని ప్రశ్న వేసి, 'వేంగి' యని వ్రాసినందులకు ఒక మార్కు వేసితిని. ఆ వేంగి మన బడికి బస్సులో గంట ప్రయాణమని చెప్పలేదు, తీసికొనిపోలేదు. నేను చేసిన యీ యపరాధమునే మన జిల్లాలోని ఉపాధ్యాయులందఱును, తలిదండ్రులందఱును ఏటేట చేయుచున్నారు గనుక, ఒంటరిగా సిగ్గుపడుటకంటె నలుగురితో కలిసి సిగ్గుపడుట మేలని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఆ సన్న్యాసి హుయాన్‌త్సాంగు. దేశము విడిచి పోరాదను రాజాజ్ఞను మీఱి, క్రీ.శ. 629 ప్రాంతమున రహస్యముగా బయలుదేఱి, ఎడారులను మంచుకొండలను దాటి మన దేశము ప్రవేశించి, నాలందలో చదివి, నలుదిక్కుల తిరిగి, 645లో స్వదేశమునకు మరలెను. తిరిగి ప్రవేశించిన నగరము చాంగాన్. నేటి షియాన్ అదియే. ఆయన గుఱ్ఱములపై మోయించుకొని తెచ్చిన గ్రంథములు 657. ఆ గ్రంథములను భద్రపఱచుటకే 652లో ఆ గోపురము కట్టబడినది. తరువాత పునర్నిర్మింపబడినది, 1556 నాటి మహాభూకంపమున దెబ్బ తిన్నది, మరల నిలువబెట్టబడినది. గ్రంథములు దాచిన యిల్లు గనుక దానిని కూలనీయక నిలుపుకొనిరి. అందుచేతనే నేడది చూడదగినదైనది. ఈ వరుసను పాఠకులు మనసున నుంచుకొనవలెను. మొదట విలువ, పిదప కాపుదల, ఆ పిదప చూపు. మనవారు ఈ వరుసను తలక్రిందు చేసి, మొదట చూచువారిని రప్పింపవలెనని యాత్రపడుచున్నారు.

రమారమి 639వ సంవత్సరమున ఆయన ఆంధ్రదేశము ప్రవేశించినాడు. ఆయన గ్రంథమున దేశము పేరు 'అన్-తో-లో', రాజధాని 'పింగ్-కి-లో'. ఈ రెండవది వేంగియని చరిత్రకారులు గుర్తించియున్నారు. నగరము చుట్టుకొలత ఇరువది 'లీ'లు. లీ యనగా సుమారు అరకిలోమీటరు. నేల సారవంతమనియు, ఎండ తీవ్రమనియు, జనులు ఉగ్రస్వభావులనియు ఆయన వ్రాసెను. (ఈ కడపటి మాటకు మనము నొచ్చుకొన బనిలేదు, సంక్రాంతినాడు మన పల్లెల కోడిపందెముల బరులకడ అరగడియ నిలిచినవాడెవ్వడును ఆ చీనా సాధువును అసత్యవాది యనజాలడు.) భాష మధ్యదేశపు భాషకంటె వేఱు, లిపి మాత్రము చాలవఱకు నొక్కటే యనెను. ఇరువదికి పైగా ఆరామములు, వాటిలో మూడువేలమంది భిక్షువులు. ముప్పదికి పైగా దేవాలయములు. నగరమున కనతిదూరమున అంతస్తుల మేడలతో, చక్కని చెక్కడపు పనితో నొక మహావిహారము; దాని యెదుట అచలుడను అర్హతుడు కట్టించిన రాతిస్తూపము. అచ్చటికి నైరృతిదిక్కున నొక ఒంటికొండమీద మఱియొక స్తూపము. ఆ తావున దిఙ్నాగాచార్యుడు హేతువిద్యపై గ్రంథము రచించెనని ఆయన చెప్పుచున్నాడు.

సంస్కృతము చదువుకొన్న పాఠకులకు దిఙ్నాగుని పేరు మేఘదూత వ్యాఖ్యలో తగిలియుండును. మన కొలచలము మల్లినాథసూరి ఆ కావ్యమునందలి యొక పదమునకు శ్లేష చెప్పి, యీ దిఙ్నాగుని కాళిదాసునకు ప్రతిపక్షిగా నిలిపెను. నేనా వ్యాఖ్యను ఇరువదియేండ్లుగా విద్యార్థులకు చెప్పుచున్నాను. ఆ దిఙ్నాగుడు తర్కము వ్రాసెనని ప్రసిద్ధినందిన దేశమున నిలిచియే చెప్పుచున్నానని నాకు చిరకాలము తోచలేదు. పండితుల స్థితియే యిట్లుండగా పామరుల నననేల?

ఇక నేటి పెదవేగికి పోవుదము. ఏలూరునకు ఉత్తరముగా పండ్రెండు కిలోమీటర్లు. దారి చక్కగా నున్నది. ఇరుప్రక్కల పామాయిలు తోటలు. దేశమంతటికిని ఆ పంటపై పరిశోధన జరుపు సంస్థ యచ్చటనే యున్నది. శాలంకాయనులు చిత్రరథస్వామి యను పేర సూర్యుని గొలిచి పరిపాలించిన తావది. వారి తరువాత విష్ణుకుండినులు, వారి తరువాత బాదామి చాళుక్య పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు స్థాపించిన వంశము. హుయాన్‌త్సాంగు వచ్చునాటికి ఆ వంశము నెలకొని ఇరువదియేండ్లయినను నిండియుండదు. మన భాషలో తొలి కావ్యము చెప్పించిన రాజరాజనరేంద్రుడు ఆ వంశమువాడే. 1980ల దశకమున పురావస్తుశాఖవారు అచ్చటి దిబ్బను త్రవ్వి ఇటుక కట్టడముల నానవాళ్ళను బయటపెట్టిరి. నేడు పోయి చూచినవానికి కనబడున దేమి? నేను పోయిన దినమున గడ్డి, మేయుచున్న గేదెలు, ఒక బోర్డు. దారి యడిగిన పెద్దమనిషి "అక్కడ ఏముందండీ చూడటానికి, పాత ఇటుకలు" అనెను. ఆయన నాకంటె ఆ దిబ్బకు నాలుగువందల గజములు చేరువ. అజ్ఞానమున మే మిరువురమును సమానులమే.

పాత ఇటుకల మాట వచ్చినది గనుక రెండు ముక్కలు చెప్పి ముందునకు పోయెదను. భట్టిప్రోలు స్తూపపు టిటుకలు 19వ శతాబ్దమున బాటమీద పఱచుటకు పోయినవి. అమరావతి స్తూపమును పదునెనిమిదవ శతాబ్దము తుద దశకమున రాళ్ళకొఱకు త్రవ్విరి. 1797లో మెకంజీ దొర పోయి చూచునప్పటికే చెఱుపు మొదలైనది. మిగిలిన చెక్కడపు ఫలకములలో ననేకములు 1880లో బ్రిటిషు మ్యూజియమునకు చేరినవి. ఇప్పుడు లండను పోయిన మనవారు అచ్చట అమరావతిని చూచి కన్నుల నీరు పెట్టుకొని, ఆంగ్లేయులు దోచిరని సభలలో చెప్పుచున్నారు. దోచినమాట నిజమే. వారు వచ్చులోపల మనము సున్నము కాల్చుకొన్నమాటయు నిజమే.

ఇంకను నిలిచియున్నది గుంటుపల్లి. కామవరపుకోట మండలమున జీలకఱ్ఱగూడెము చెంత, ఏలూరునుండి రమారమి నలువది కిలోమీటర్లు. రెండు వేల యేండ్లనాటి బౌద్ధారామము. కొండను తొలిచిన గుండ్రని చైత్యగృహము. లోపల శిలయందే చెక్కిన స్తూపము. తలయెత్తి చూచినచో గుహ పైకప్పునకు దూలములు, వాసములు! శిలకు వాసములతో నేమి పని? ఆ శిల్పి తన యూరి తాటాకు గుడిసెను, దాని కఱ్ఱవాసములతో సహా, రాతిలో చెక్కిపెట్టినాడు. అట్టి గుడిసెలు మన కొల్లేటి లంకలలో మొన్నమొన్నటివఱకును నుండెను. ఒక పేద యింటి చూరు ఇరువది శతాబ్దములు చెక్కుచెదరక నిలిచిన తావు మన జిల్లాలో నుండగా, మన పిల్లలకు గాజుమేడలు మాత్రమే చూడదగిన కట్టడములుగా తోచుచున్నవి. ఆ చైత్యము వెలుపల భిక్షువుల గుహలు వరుసదీరియున్నవి; మెట్టపైన చిన్నవియు పెద్దవియు మ్రొక్కుబడి స్తూపములు పదులకొలది యున్నవి; మహామేఘవాహన వంశమువాడైన సిరిసద యను రాజు పేరుగల శాసన మచ్చట దొరికినది.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకొనవలసియున్నది. ఇది సంస్కారమును ప్రబోధించు పత్రిక. మూఢాచారములను నేనీ పత్రికయందే పలుమాఱు ఖండించితిని. అయినను గుంటుపల్లిలో నేను చూచినది చెప్పక తప్పదు. ఆ చైత్యములోని స్తూపమును చుట్టుప్రక్కల పల్లెలవారు ధర్మలింగేశ్వరుడని కొలుతురు. అది లింగము కాదని వారికి తెలియదు, తెలిసినను లక్ష్యపెట్టరు. నేను పోయిననాడు ఒక ముసలమ్మ చెప్పులు దూరముగ విడిచి, నేలకు నుదురు తాకించి, గడపమీది ఎండుటాకులను కొంగుతో తుడిచి పోయెను. ఆమె వెనుకనే నలుగురు పట్టభద్రులు వచ్చిరి. వారికి అది బౌద్ధస్తూపమని తెలియును. ఫోనులో చదివి యొకడు తక్కినవారికి చెప్పెను గూడ. చెప్పి, ప్రక్కగుహలోనికి పోయి, తాళపుచెవితో గోడమీద తన పేరును, ఒక యువతి పేరును గీసెను. నేను మందలింపగా "అందరూ రాశారు గదండీ" అనెను. నిజమే, అందఱును వ్రాసిరి. ఆ గోడపై మన అక్షరాస్యత యంతయు నున్నది. అవిద్య తుడిచినదానిని విద్య గీకుచున్నప్పుడు, సంస్కర్తలమని చెప్పుకొనువారము మనము ఎవరికి ముందుగా సంస్కారము నేర్పవలెను?

"ఇది మన మతముది కాదు గదా, మనకెందుకు?" అని నాతో వాదించిన మిత్రులు గలరు. ద్వారకాతిరుమల కొండకు ఏటికి నాలుగుసార్లు పోవువారు. పోవుడు, ఎవరు వద్దనిరి? అయితే హుయాన్‌త్సాంగు ఆరామములను లెక్కించిన చేతితోనే దేవాలయములను గూడ లెక్కించెను. తనది కానిదానిని లెక్కలోనికి తీసికొనకపోయిన యెడల ఆయన గ్రంథము ఒక మఠపు జాబితాయై యుండెడిది, మన చరిత్రకు సాక్ష్యము కాకపోయెడిది.

మఱికొందఱు ప్రగతివాదులు "మాస్టారూ, మీరు పాత ఇటుకలు పట్టుకుని వేలాడకండి. టూరిస్టులు రావాలంటే ఆకర్షణ ఉండాలి. పడవలు, రంగుల దీపాలు, ఒక పెద్ద విగ్రహం పెడితే జనం వాళ్ళే వస్తారు" అందురు. ఏలూరు గజ్జలవారి చెఱువులో 74 అడుగుల బుద్ధవిగ్రహ మున్నది. నాకు దానితో విరోధము లేదు. సాయంకాలము పిల్లలు, ముసలివారు అచ్చట చల్లగాలికి కూర్చుందురు. పట్టణమున కది మేలే. కాని ఆ చల్లగాలికి పోవువారిని పదిమందిని నేనడిగితిని: ఏలూరులో బుద్ధుడెందుకు? ఇద్దఱు మాత్రమే గుంటుపల్లి పేరు చెప్పిరి. విగ్రహము దారి చూపుటకు గదా! దారి చూపు వ్రేలినే గమ్యమనుకొని, దానిచుట్టును దీపములు పెట్టి, ఐస్‌క్రీము తిని యింటికి వచ్చుట మన సందర్శనము.

షియానులోను రంగులదీపములున్నవని నా శిష్యుడు చెప్పెను. ఆ గోపురము ప్రక్కనే సంగీతమునకు నాట్యమాడు నీటిబుగ్గ లున్నవట. ఆ నగరమును స్వర్గముగా చిత్రించుట నా యుద్దేశము కాదు. అచ్చటి కోటగోడను 1950ల దశకమున పడగొట్టవలెనని తలపెట్టిరి. 1966 మొదలు పదియేండ్లు చీనాలో దేవాలయములకును గ్రంథములకును పట్టిన దుర్గతి లోకమెఱుగును. చెఱుపుటలో వారు మనకు తీసిపోలేదు. అయితే 1974లో నూయి త్రవ్విన రైతులకు మట్టితలలు దొరకినప్పుడు, ఆ వార్త కొలది వారములలో పురావస్తుజ్ఞులకు చేరెను, నూయి ఆగెను. మన పొలమున నట్టిది దొరకినచో మొదట మనము తలచునది లంకెబిందెలు. రెండవది, భూమి పోవునను భయము. ఈ భయము అకారణమని నేననను. రైతునకు నష్టపరిహారము చేతికందునను నమ్మిక కలుగువఱకు చెప్పెడి నీతులన్నియు గాలికి పోవును.

కొల్లేటి మాట లేక మా సీమలో చూడదగినవాటి కథ పూర్తికాదు. దండి దశకుమారచరితమున మంత్రగుప్తుని కథ యున్నది. ప్రియురాలి పంటిగాట్లచే పెదవులు నొచ్చుటచే ఆతడు ఓష్ఠ్యాక్షరములు లేకుండ తన కథ నంతయు చెప్పును. ఆ కథలో ఆంధ్రనగరమున కనతిదూరమున నొక మహాసరస్సు వచ్చును. అది కొల్లేరని పలువురు పండితుల యభిప్రాయము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగునవి తెచ్చిపోసిన నీటిని నింపుకొని, ఉప్పుటేటి గుండ సముద్రమునకు విడుచు సరస్సు ఇది. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా రామ్‌సార్ పట్టికకెక్కినది. చలికాలమున కైకలూరు చెంత ఆటపాకకు పోయినవారు గూడబాతులను వందలకొలది చూతురు; చెట్లు చాలక అటవీశాఖవారు చెఱువులో నినుప మంచెలు నాటగా, ఆ మంచెలపై గూళ్ళు పెట్టి పిల్లలను చేయుచున్నవి. చూచుటకు వింతయే, చెట్టు లేక యినుముపై గ్రుడ్లు పెట్టు పక్షిని చూచి మురియుట యెట్లో నాకు తెలియకున్నది.

పడవలో పక్షిని చూచు సందర్శకుడు పడవ నడుపువానిని చూడడు. ఈ పక్షులను లెక్కించినంత శ్రద్ధతో ఆ లంకలలోని మనుష్యుల బిందెల నెవరైన లెక్కించిరా? చుట్టును నీరే; త్రాగుటకు నీరు కొనవలసినదే. 1970ల దశకమున ప్రభుత్వమే మత్స్యకారుల సహకారసంఘములకు చేపలచెఱువుల నిచ్చినది. పిదప ధనవంతులు దిగిరి, గట్లు పెరిగెను, సరస్సు కుంచించెను. 2006లో ప్రభుత్వమే యంత్రములు తెచ్చి గట్లను తెగగొట్టినది. ఆ కూల్చివేతలో పెద్దచెఱువులవారు వేఱు వ్యాపారములకు పోయిరి. చిన్నవాడు కూలికి పోయెను. నా తరగతిలో ఆ యేడు లంకలనుండి వచ్చు పిల్లలలో ముగ్గురు బడి మానిరి. వారిలో నొకని తండ్రి నన్ను చూచి "పక్షులకు ఊరిచ్చారు బాబూ, మా ఊరు తీసేశారు" అనెను. దానికి నాయొద్ద సమాధానము లేకపోయెను. నేటికిని పూర్తిసమాధానము లేదు. సరస్సు చచ్చినచో ముందు చచ్చునది ఆతని వలయే యని నేనెఱుగుదును. కాని ఆకలిగొన్నవానితో నూఱేండ్ల లెక్క చెప్పుట తేలిక, వినుట కష్టము. నేను కోరున దొక్కటి: ఆటపాకకు పోవు బడిపిల్లలు గూడబాతుల బొమ్మలు గీసికొని వచ్చునట్లే, ఉప్పుటేటి నోట నీరెందుకు ఆగుచున్నదో, చెఱువులనుండియు కర్మాగారములనుండియు కొల్లేటిలోనికి వచ్చునదేమో, లంకలోని పిల్ల బడికెట్లు వచ్చుచున్నదో తెలిసికొని రావలెను. కొల్లేటికోట పెద్దింటమ్మ జాతరకు ఫాల్గుణమున పోవు వేలాదిమందిలో కొందఱైన ఆ ప్రశ్న వేసినచో అమ్మవారికేమియు కోపము రాదు.

ఇంతవఱకు చదివిన గృహిణులు "మాకీ గొడవ యెందుకు?" అనుకొనుచుందురు. అమ్మా! అసలు వ్యాజ్యము మీదే. మన యాత్రలలో ఎవరు చూచుచున్నారు, ఎవరు చూడకున్నారు? గుంటుపల్లిలో నేను చూచిన యొక బస్సును గూర్చి చెప్పెదను. మగవారును మగపిల్లలును మెట్లెక్కి పోయిరి. ఆడువారు క్రింద చెట్టునీడను పొయ్యి పెట్టి పులిహోర తాలింపు వేసిరి; చంటిపిల్లలను, సంచులను, చెప్పులను కాచిరి. పైనుండి దిగివచ్చినవారు తిని, చేతులు కడిగికొని, ప్రొద్దుపోయినదని బస్సెక్కించిరి. ఒక యిల్లాలు కొండవంక చూచి "పైన ఏమున్నాయి?" అని భర్త నడిగెను. "ఏముంటాయి, గుహలు" అని ఆయన సమాధానము. ఆమె ఏబది కిలోమీటర్లు ప్రయాణము చేసి వచ్చి తన వంటయింటిని మాత్రమే చూచినది. ఇట్లు కాశీని, రామేశ్వరమును చూచివచ్చిన తల్లులు మన యిండ్లలో నెందఱో! వారిని కాశీయెట్లుండెనని యడుగుడు. సత్రములో కుళాయి యెక్కడ నున్నదో చెప్పుదురు.

మరుగుదొడ్లు లేని చోటికి ఆడుపిల్లలను తీసికొనిపోరాదని తలిదండ్రు లందురు. దొడ్లు కట్టుడని కోరుటకు బదులు పిల్లలను మానిపింతురు. పూర్వము నేను పనిచేసిన యొక పాఠశాలలో విజ్ఞానయాత్రకు గుంటుపల్లిని, పెదవేగిని సూచించితిని. పాలకవర్గమువారు ఒక మహానగరములోని నీటి యాటల ఉద్యానమును నిర్ణయించిరి. రాత్రి మకాము గనుక బాలికలకు అనుమతి లేదనిరి. ఆ యేడు నలువదిమంది బాలురు నీటిజారుడుబండలపై జారివచ్చిరి. ముప్పదియొక్క బాలిక తరగతిలో కూర్చుండి 'నేను చూచిన చారిత్రకస్థలము' అను వ్యాసము వ్రాసినది. ఆ వ్యాసముల నిచ్చినది నేనే, దిద్దినదియు నేనే. ఒక పిల్ల కాగితముపై ఒకే వాక్యము వ్రాసియుండెను: తానేమియు చూడలేదని. ఆ వాక్యమునకు సున్న వేయుటకు నాకు చేయి రాలేదు, పూర్తిమార్కులు వేసితిని. అది తప్ప మఱేమియు చేయలేదు.

ఒక్క దినమున పోయి, సంధ్యవేళకు ఇల్లు చేరదగిన దూరములో ఇన్ని యుండగా ఈ బాలికలకు మనము చెప్పు కారణము లేవియు దిఙ్నాగుని హేతువిద్య యెదుట ఒక్క నిమిషము నిలువవు.

కార్తికమాసమున మన పట్టణములలో వనభోజనములు జరుగును. ఉసిరిచెట్టుక్రింద నలుగురు కలిసి తినుటకు పుట్టిన యాచారము నేడు ఏ కులమున కా కులము జెండా కట్టుకొని, బారులు తీరిన కారులతో, ఉపన్యాసములతో, తమవారిలో నెవరికి ఏ పదవి రావలెనో లెక్కించుకొను సభగా మాఱినది. వనమును చూచువాడు లేడు. భోజనము చేయునప్పుడు ప్రక్కవాని నెఱుగవలసిన యక్కఱ లేదు, వాడు మనవాడేయని ముందే తెలిసిన పిదప. ఈ కులభోజనములకు తోలు బస్సులలో సగము గుంటుపల్లి వంకకు త్రిప్పినచో, అచ్చట పల్లెలోని చదువుకొన్న బాలికలకు నలుగురికి ఆ గుహల కథ చెప్పుట నేర్పి, దినమునకు కూలి యిచ్చి నియమించినచో, త్రాగునీటికిని మరుగుదొడ్లకును పంచాయతీ నడిగి, ఇయ్యకున్న మరల నడిగినచో, ఈ పనికి ప్రభుత్వము కొఱకు పదియేండ్లు కాచుకొన బనిలేదు. పెద్దవిగ్రహ మక్కఱలేదు.

వచ్చు కార్తికమాసపు రెండవ ఆదివారము ఉదయము ఆఱుగంటలకు పెదపాడు నుండి ఒక బస్సు బయలుదేఱును. మొదట పెదవేగి దిబ్బ, పిదప గుంటుపల్లి. నా షియాను శిష్యుడు అద్దెలో సగము తానిత్తుననియు, తన అమ్మమ్మగారిని తీసికొని వత్తుననియు మాట యిచ్చినాడు. బాలికలకు ముందు స్థానములు. కులము పేరడుగబడదు. కొండ దిగిన పిదప భోజనము, పురావస్తుశాఖవారి హద్దునకు వెలుపల, తోటలో. వంట మేము మగ ఉపాధ్యాయులము ముగ్గురము చేయుదుము. పులిహోర మెత్తబడినచో మన్నింపవలెను. వచ్చు తల్లులు గిన్నెలు, గరిటెలు తేరాదు.